ఎర్ర జెండాలకు లేసు అంచు

మౌలాలి,
15 జూలై 2012.

అక్కకు,

నీ ఉత్తరం గురువారం అందింది. చెవి మిషను మళ్ళీ మొరాయిస్తోందని, ఫోనులో నా గొంతు తుమ్మెద రొదలా ఉందని రాశావు. అయితే ఉత్తరాలే మేలు. నేను ఫోనులోనైనా పెద్దగా మాట్లాడేదేమీ లేదు.

ఇక్కడ మూడు రోజులుగా వాన. పాల పాకెట్టు రూపాయి పెరిగింది. పెరటి గోడకు సున్నం వేయించాను. బొప్పాయి చెట్టు ఈ ఏడు బాగా కాసింది.

నేను రిటైరైన రోజు నువ్వు వచ్చినప్పుడు, నా మెడలో దండ వేసి తనే ఏడ్చేసిన లావుపాటి డ్రైవరు గుర్తున్నాడా? అతనే జంగయ్య. బండికి ముందు అతను, వెనక గార్డు పెట్టెలో నేను, చాలా ఏళ్ళు కలిసి పనిచేశాం. మా ఇద్దరి మధ్య బండి పొడవంతా ఉండేది. స్టేషను నుంచి కదలగానే అతను తల బయటపెట్టి వెనక్కి చూసేవాడు. నేను పచ్చజెండా కదలకుండా పట్టుకునేవాణ్ణి. అంతా సరిగ్గా ఉంది, పదమని దాని అర్థం. అతను తిరిగి చెయ్యి చాపేవాడు. మా మాటలు అవే. అంతకన్నా అవసరం రాలేదు.

మార్చిలో జరిగిన వైద్యపరీక్షలో అతనికి షుగరు బాగా ఎక్కువ ఉందని తేలింది. బండి మీద నుంచి దింపి ఇంజన్ల షెడ్డు ఆఫీసులో కూర్చోబెట్టారు. సాయంత్రం ఇంటికి రావడం, మంచం మీద గోడవైపు తిరిగి పడుకోవడం. చేతి గడియారం తీసి అలమరలో పెట్టేశాడట. జనవరిలో మళ్ళీ పరీక్ష ఉంది. దాని ఊసే ఎత్తడు.

మా కాలనీ మైదానంలో పొద్దున్నే కొందరు పరుగెత్తుతారు. మౌలాలి రన్నర్స్ అని పేరు పెట్టుకున్నారు. నేను వాళ్ళ వెనక నడుస్తాను. లెక్కలు సరిగ్గా రాస్తానని అరటిపళ్ళ ఖర్చు నా చేతికిచ్చారు. పోయిన సోమవారం జంగయ్యను మంచం మీద నుంచి లేపి అక్కడికి తీసుకెళ్ళాను. రెండు చుట్లు నడిచి, రాతి మీద కూర్చున్నాడు. మర్నాడు తనే వచ్చాడు.

ఇంతే విశేషాలు.

నీ తమ్ముడు,
యెషయా


నరసాపురం,
24 జూలై 2012.

ఒరే యెషయా,

నీది ఉత్తరమా, సరుకుల చీటీయా? పాలు, సున్నం, బొప్పాయి! మంచం పట్టిన జంగయ్య సంగతి నాలుగు వాక్యాల్లో తేల్చి, సున్నానికి ఒక వాక్యం ఇచ్చావు. ఆయన్ని ఎలా లేపావు? ఏమన్నాడు? ఆయన భార్య ఏమంది? నువ్వేమన్నావు? నువ్వేమీ అని ఉండవు, అది సరే. మిగతావాళ్ళకు నోళ్ళున్నాయి కదా. వాళ్ళు మాట్లాడింది మాట్లాడినట్టు రాయి. నాకు చెవులు పోయాక మనుషుల మాటలు వినేది నీ ఉత్తరాల్లోనే. బడిలో ముప్పయ్యేళ్ళు పిల్లల అల్లరి విని విని విసుక్కున్న దాన్ని, ఇప్పుడు ఆ గోల కోసం మొహం వాచిపోయి ఉన్నాను.

ఎవరూ తరమకుండానే మీరంతా ఎందుకు పరుగెత్తుతున్నారో కూడా రాయి. పక్కింటి మేబెల్ అడుగుతోంది. నేను చెప్పలేకపోయాను.

గోదావరి బాగా పొంగింది. నేను క్షేమం. లేసు అల్లుతున్నాను. చేతులకు చెవుడు రాలేదు, దేవుడికి స్తోత్రం.

అక్క,
కాంతమణి


మౌలాలి,
9 సెప్టెంబరు 2012.

అక్కకు,

నువ్వు చెప్పినట్టే రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకో.

డిసెంబరు రెండో తేదీన నగరంలో ఒక పందెం జరుగుతోంది. ముందు స్టేడియం కొలనులో ఈత, ఆ తడి బట్టలతోనే సైకిలు, సైకిలు దిగి పరుగు. మూడూ ఆగకుండా చెయ్యాలి. ట్రయాథ్లాన్ అంటారు. పది గంటలకు ముగిస్తారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళ పేరు కాగితంలో ఉండదు.

మొన్న పరుగయ్యాక అందరం రాళ్ళ మీద కూర్చుని ఉండగా సుమిత్ర ఈ సంగతి చెప్పింది. పద్మారావు నగర్ అమ్మాయి, బ్యాంకులో ఆఫీసరు, క్లబ్బు పెట్టింది ఆ అమ్మాయే.

"మన క్లబ్ నుంచి నేను పేరిస్తున్నా. ఇంకెవరు?" అంది.

నేరేడ్‌మెట్‌లో ఫర్నిచరు షాపున్న, బ్రహ్మచారి అనే అతను లేచాడు. అతని గొంతు మైకు అక్కర్లేని గొంతు. "నేను చప్పట్లు కొడ్త మేడం. గదైతే పక్కా," అన్నాడు.

"నా పేరు రాయుండ్రి," అన్నాడు జంగయ్య.

"అన్నా, గది సైకిలు, ఈత, పరుగు, మూడు ఉంటయే!" అన్నాడు బ్రహ్మచారి.

"ఏందిరా ఉంటే? బావిల ఈత నేర్వలేదా నేను? సైకిల్ మీద ఇరవై ఏండ్లు షెడ్డుకు పోలేదా?"

"మరి పరుగు?"

"గది నువ్వే నేర్పుతున్నవ్ కద రెండు నెలల సంది. నీకు నేర్పుడు రాకపోతే గిప్పుడే చెప్పు, ఇంకో ఉస్తాదును చూసుకుంట."

అందరూ నవ్వారు. సుమిత్ర నవ్వలేదు. డాక్టరు చీటీ తెస్తేనే పేరు రాస్తానంది. తెచ్చాడు. సగం తగ్గిన షుగరు కాగితం కూడా తెచ్చి చూపించాడు.

కొలనులో మొదటి రోజు నేనూ వెంట వెళ్ళాను. జంగయ్య గట్టు మీద నుంచి నాలుగడుగులు పరుగెత్తి, మోకాళ్ళు ముడుచుకుని, వాళ్ళ ఊరి బావిలో దూకినట్టు దూకాడు. కోచ్ చేతిలో కాగితాలన్నీ తడిశాయి.

"సార్, దూకొద్దు! మెట్లు దిగి రావాలె!"

"మెట్లు దిగి తానం చేస్తరు సార్. ఈత కొట్టరు."

తల నీళ్ళ పైనే పెట్టి ఈదుతాడు. ముందు సిగ్నలు చూస్తున్నట్టు ఉంటుంది.

ఇంకొక సంగతి. నిన్న అనసూయమ్మ, అంటే అతని భార్య, నన్ను గేటు దగ్గర ఆపింది. "అన్నా, షెడ్డుల అందరికీ చెప్పుకున్నడు. పందెం పూర్తిచేసిన కాగితం తెచ్చి గోడకు పెడ్త అన్నడు. వాళ్ళు నవ్విండ్రంట. మధ్యల ఆగిపోయిండనుకో, మళ్ళ మంచం పట్టిండంటే ఇగ లేవడన్నా. జనవరిల పరీక్షకు సుత పోడు. గాయన సంగతి నాకు తెల్సు," అంది.

నేను "చూస్తాను" అన్నాను. నేను చూడగలిగేది ఏముందో నాకు తెలియదు.

యెషయా


నరసాపురం,
20 సెప్టెంబరు 2012.

ఒరే తమ్ముడూ,

మెట్లు దిగి స్నానం చేస్తారు, ఈత కొట్టరు! మేబెల్‌కు చదివి వినిపించాను. ఆవిడ పొయ్యి మీద పాలు పొంగించుకుంది. ఇదిగో, ఉత్తరమంటే ఇదీ.

కానీ డిసెంబరు రెండు ఏ వారమో చూశావా? ఆదివారం. అదీ క్రిస్మస్ కాలానికి మొదటి ఆదివారం. ఆరాధన మానేసి పరుగు పందేనికి పోతావా? సాయంకాలం ఆరాధన ఉంటే దానికి వెళ్ళు. లేకపోతే నాకు రాయకు.

అనసూయమ్మ మాట చదివాక నాకు నిద్ర పట్టలేదు. నేను చెయ్యగలిగింది ఒకటి తోచింది. మా స్త్రీల సమాజం తోరణాలకని కొన్న శాటిన్ గుడ్డ బీరువాలో తాను తానే మిగిలి ఉంది. దాంతో మీ క్లబ్బుకు జెండాలు కుడుతున్నాను. ఉత్తి జెండాలు కావు, అంచుకు లేసు. మేబెల్ కుడుతుంది, నేను అల్లుతాను. ఆ పందెంలో మిగతా క్లబ్బులు ప్లాస్టిక్ బుడగలు పట్టుకుని నిలబడితే, మీరు నరసాపురం లేసు పట్టుకుని నిలబడతారు. జంగయ్యకు దూరం నుంచే కనిపించాలి, తన మనుషులు ఎక్కడున్నారో. బాగా ఊపమని చెప్పు.

నువ్వూ ఒకటి ఊపు. నీకు అరవడం చేతకాదు, కనీసం గుడ్డ ఊపడమైనా వచ్చు కదా.

కాంతమణి


మౌలాలి,
28 అక్టోబరు 2012.

అక్కకు,

పార్సిలు అందింది. ముప్పై జెండాలు. ఎర్ర శాటిను, తెల్ల లేసు. లేసులో చిన్న చిన్న పువ్వులు కూడా అల్లావు.

బ్రహ్మచారి ఒకటి తీసి మైదానం ఆ చివరికి వెళ్ళి ఊపి చూశాడు. "బ్రహ్మాండం! కిలోమీటర్ దూరం కెల్లి కనవడ్తయ్!" అన్నాడు. సుమిత్ర లేసును చెంపకు ఆనించుకుని చూసింది. జంగయ్య ఆ రోజు రాలేదు, కొలనుకు వెళ్ళాడు. పందెం రోజే అతనికి చూపిద్దామని సుమిత్ర వాటిని తన ఇంట్లో పెట్టింది.

నేనూ ఒకటి చేతిలో పట్టుకున్నాను. మడిచి మళ్ళీ పెట్టేశాను. చాలా బాగున్నాయి.

యెషయా


నరసాపురం,
8 నవంబరు 2012.

యెషయా,

ఏదో ఉంది. చిన్నప్పుడు నేను ఉప్పు ఎక్కువేసిన చేపల పులుసు మొత్తం తిని, "చాలా బాగుంది" అని కంచం కడిగేసి, రాత్రంతా నీళ్ళు తాగావు చూడు, ఆ "చాలా బాగున్నాయి" ఇది. లేసు ఎక్కువైందా? మగవాళ్ళు పట్టుకోవడానికి సిగ్గుపడుతున్నారా? చెప్పరా. ఇంకా మూడు వారాలుంది, మారుస్తాను.

కాంతమణి


మౌలాలి,
16 నవంబరు 2012.

అక్కకు,

ఏమీ లేదు. ఎవరూ సిగ్గుపడటం లేదు. జెండాలు ఎలా పట్టుకోవాలని ఆలోచించాను. లైను వేరు, రోడ్డు వేరు కదా అని తోచింది. పందెం రోడ్డు మీద.

జంగయ్య ఇప్పుడు ప్రతి ఆదివారం గుట్ట మెట్లు ఎక్కుతున్నాడు. పైన దర్గా దగ్గర నీళ్ళు తాగి, కింద రైలు పట్టాలకేసి చూసి దిగుతాడు. చేతికి గడియారం పెట్టుకున్నాడు.

యెషయా


మౌలాలి,
3 డిసెంబరు 2012.

అక్కకు,

నిన్న పందెం జరిగింది. సాయంకాలం ఆరాధనకు వెళ్ళాను, అది ముందే రాస్తున్నాను. వరుసగా చెబుతాను. జెండాల సంగతి కూడా చెప్పాలి. కోప్పడితే కోప్పడు.

తెల్లవారుతూనే అందరం స్టేడియం చేరాం. అనసూయమ్మ కొత్త చీర కట్టుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చింది. ఈతలో జంగయ్య తల ఎత్తి ఈదుతుంటే పక్క క్లబ్బు పిల్లవాడు, "అంకుల్ ఎవరినో వెతుకుతున్నారు," అన్నాడు. "గమ్యం వెతుకుతుండు, నువ్వు నీది చూసుకో," అంది అనసూయమ్మ. ఈతలో అతను చివరివాడు కాదు. వెనక ఇద్దరున్నారు.

సైకిలు నెక్లెస్ రోడ్డు మీద. నీళ్ళ పక్కనుంచి వెళ్ళి మలుపు తిరిగి మళ్ళీ రావాలి, అలా కొన్ని చుట్లు. మేము మలుపు దగ్గర నిలబడ్డాం. నేను మిగతావాళ్ళకు కొంచెం ముందు, ఒంటరిగా నిలబడ్డాను. నీ జెండాలు బ్రహ్మచారి అందరికీ పంచాడు. సుమిత్ర ముందుగా వచ్చింది, జెండాలు చూసి నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. ఊపడం నిజంగా బాగుంది అక్కా. పొద్దుటి ఎండలో లేసు మెరిసింది. ఇతర క్లబ్బులవాళ్ళు వచ్చి ఫొటోలు తీసుకున్నారు.

మొదటి చుట్టులో జంగయ్య ఒక పెద్ద గుంపు పక్కన రావడంతో మావాళ్ళను చూడలేదు. రెండో చుట్టులో ఒక్కడే వచ్చాడు. రోడ్డు ఖాళీ. దూరం నుంచే బ్రహ్మచారి గుర్తుపట్టి, "అగో, మనోడు! ఊపుండ్రి!" అని కేక పెట్టాడు. ముప్పై మంది ఒకేసారి రోడ్డు అంచుకు వచ్చి, రెండు చేతులూ తలపైకెత్తి, ఎర్ర జెండాలు బలంగా ఊపారు.

జంగయ్య రెండు బ్రేకులూ నొక్కాడు. సైకిలు కీచుమని ఆగింది. ఒక కాలు నేల మీద పెట్టి, మెడ చాచి ముందుకు చూశాడు.

"ఏమైంది? ముందల ఏమైంది?"

"ఏం కాలే! పో అన్నా, పో!"

"పో అంటవ్, ఎర్రజెండ ఊపుతవ్! ఎవలన్న పడ్డరా?"

"అరె, నిన్ను ఉషార్ చేస్తున్నమే!" అని బ్రహ్మచారి ఇంకా బలంగా ఊపాడు. అతన్ని చూసి మిగతావాళ్ళు కూడా ఎగిరెగిరి ఊపారు.

"గిదేం ఉషార్రా? జెండ దించు ముందు!"

అనసూయమ్మ డబ్బా కింద పెట్టి ముందుకొచ్చింది. "ఏందయ్యా, నడిరోడ్డు మీద నిలబడ్డవ్! టైమైతుంది! తొక్కు!"

అప్పుడు జంగయ్య అన్న మాట నాకొక్కడికే వినపడింది. "గది మన జెండనే అని తెల్సు గార్డు సాబ్. కాళ్ళు ఇంటలేవు," అన్నాడు. అతని మొహం చూశాను. మంచం మీద గోడవైపు తిరిగిన రోజుల్లో ఉన్న మొహం.

అక్కా, నేను పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్‌గా చేరినప్పుడు నాకు సంతకం తప్ప ఏమీ రాదని నీకు తెలుసు. చదవడం నేర్చుకున్నది రైల్వే రూలు పుస్తకంలో. అందులో ఉంది: ఎర్ర జెండా చూపిస్తే ఆగాలి. జెండా లేకుండా రెండు చేతులూ తలపైకెత్తితే ఆగాలి. ఎవరైనా సరే, దేన్నైనా సరే బలంగా ఊపితే ఆగాలి. మావాళ్ళు మూడూ ఒకేసారి చేశారు. ముప్పయ్యేళ్ళుగా వెయ్యి మంది ప్రాణాలు వెనక పెట్టుకుని బండి నడిపినవాడు ఆగకుండా ఎలా పోతాడు? ఆలోచించి ఆగలేదు. చెయ్యే ఆపింది.

జెండాలు వచ్చిన రోజే నాకు ఈ శంక కలిగింది. నువ్వు అడిగావు కూడా. లేసు పువ్వులు చూశాక చెప్పలేకపోయాను. రోడ్డు మీద పరవాలేదులే అనుకున్నాను.

నేను అరిచాను. "దించండి!" అని. అంత గట్టిగా అరవడం నాకే తెలియదు. నా వెనక ఎవరో అరిచారనుకున్నాను. బ్రహ్మచారి జెండా వదిలేశాడు. అందరూ దించేశారు. నీళ్ళ చప్పుడు వినపడింది.

నేను రోడ్డు అంచుకు వచ్చి నిలబడి కుడిచెయ్యి పక్కకు చాపాను. పచ్చజెండా లేనప్పుడు చూపించే గుర్తు అది. ఒక చెయ్యి చాపి, కదలకుండా పట్టుకోవాలి. కదలకూడదు, అదే ముఖ్యం. భుజం నొప్పి పెట్టింది కానీ కదపలేదు.

"ఆల్ రైట్, జంగయ్యా," అన్నాను.

అతను నా చేతిని చూశాడు. మొహం విప్పారింది. తన చెయ్యి చాపాడు. "ఆల్ రైట్, గార్డు సాబ్," అని తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు.

అప్పటికి చివరివాడయ్యాడు.

తర్వాత పరుగు. సుమిత్ర తన పందెం ముగించి, మెడలో పతకంతో మా దగ్గరకు పరుగెత్తుకొచ్చింది. జరిగింది విని, నడుము మీద చేతులు పెట్టుకుని, "అంకుల్, మాకందరికీ నేర్పించండి. తొందరగా!" అంది. నేర్పించడానికేముంది? జెండాలు మడిచి జేబుల్లో పెట్టించాను. రోడ్డు పక్కన ముప్పై మందినీ దూరం దూరంగా వరుసలో నిలబెట్టాను. కుడిచెయ్యి చాపాలి, ఊపకూడదు, ఎగరకూడదు. బ్రహ్మచారికి నోరు మూసుకోవడం చాలా కష్టమైంది. "జెర ఒక్కసారి అరుస్త సార్, మెల్లగ," అని రెండుసార్లు అడిగాడు.

ట్రాఫిక్ కానిస్టేబులు వచ్చి వరుసంతా చూశాడు. "ఏంది సార్, ధర్నానా? డిమాండ్ ఏంది?"

"ఒకాయన పోవాలె సార్. గంతే డిమాండ్," అంది అనసూయమ్మ.

జంగయ్య మలుపు తిరిగి వచ్చాడు. చొక్కా ఒంటికి అంటుకుపోయి, రొప్పుతూ, కాళ్ళు ఈడుస్తూ వస్తున్నాడు. వరుసలో మొదటి చెయ్యి చూశాడు. తన చెయ్యి చాపాడు. రెండోది చూశాడు. మళ్ళీ చాపాడు. అక్కా, ఆ ముప్పై మందికీ ఒక్కొక్కరికీ బదులు ఇచ్చుకుంటూ వెళ్ళాడు, ఒక్క స్టేషను కూడా వదలకుండా. వెళ్ళేకొద్దీ నడుము నిటారైంది. అనసూయమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆమె చాపిన చెయ్యి వణికిపోతోంది.

"చెయ్యి కదుపుతున్నవే! గట్ల చూపిస్తే బండి నెమ్మదిగ పోవాలె!" అన్నాడు రొప్పుతూనే.

"నెమ్మదిగ పోతే నీ సంగతి చూస్త! ఉరుకు!" అంది.

గీత దగ్గర మైకులో అబ్బాయి పది దగ్గర పడుతోందని చెబుతున్నాడు. మేము ఫుట్‌పాత్ మీద వెనకే నడిచాం. కానిస్టేబులు కూడా వచ్చాడు. జంగయ్య గీత దాటాడు. వెనక ఎవరూ లేరు. గడియారం ఇంకా పది కొట్టలేదు. పేరు కాగితంలో ఉంది, నేను స్వయంగా చూశాను, అన్నిటికంటే కింద.

"చివరికొచ్చినవే," అన్నాడు బ్రహ్మచారి, కౌగిలించుకుని.

"చివరి పెట్టె వస్తేనే బండి మొత్తం వచ్చినట్టు లెక్కరా. అడుగు గార్డు సాబ్‌ను," అన్నాడు జంగయ్య. నిజమే. స్టేషనులో చివరి పెట్టె వెనక బోర్డు చూశాకే బండి పూర్తిగా వచ్చిందని రాసుకుంటారు. అవును, అన్నాను.

ఆ తర్వాత బ్రహ్మచారిని అరవనిచ్చాం. నీ జెండాలు మళ్ళీ బయటికి తీశారు. ఆగిపోయినవాణ్ణి ఆగమంటే తప్పేముంది? జంగయ్య కూడా ఒకటి ఊపాడు.

ఈ రోజు పొద్దున అయిదింటికి నా గేటు ముందు ఎవరో ఈల వేశారు. జంగయ్య. "ఏంది సాబ్, గింతసేపు పంటరా?" అన్నాడు.

చెప్పవలసింది అప్పుడే చెప్పలేదు. దానికి కోప్పడు.

యెషయా


నరసాపురం,
11 డిసెంబరు 2012.

ఒరేయ్,

కోప్పడతాను, ఆగు. ముందు నవ్వు ఆగనియ్యి.

మేబెల్‌ను కుర్చీలో కూర్చోబెట్టి మొత్తం చదివాను. "దించండి" అన్నచోట ఆవిడ నిజంగానే చేతిలో కుడుతున్న గుడ్డ దించేసింది. నా తమ్ముడు అరిచాడు! అరవై రెండేళ్ళకు మొదటి కేక, అదీ నా జెండాల మీద. ఆ పూట నేనక్కడ ఉంటే నాక్కూడా వినపడేదేమో.

ఇక కోపం. ఎరుపు వద్దు, ఆకుపచ్చ కావాలి అని ఒక కార్డు ముక్క రాస్తే నీ సొమ్మేం పోయేదిరా? నా మనసు నొప్పించకూడదనుకున్నావు, ఆయన ప్రయాణం ఆపించావు. ఉప్పెక్కువైతే ఎక్కువైందని చెప్పడం కూడా ప్రేమే. నేర్చుకో. రూలు పుస్తకంలో లేకపోతే కొత్తగా రాసుకో.

ఇంకొకటి చెబుతాను. నేను పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేశానని నీకు తెలుసు. బడి వార్షికోత్సవానికి పిలిచినా పోలేదు. జనమంతా నోళ్ళు తెరిచి ఆనందపడుతుంటే, మధ్యలో నేను బొమ్మలా నిలబడాలి. ఎవరు ఎందుకు నవ్వారో తెలియదు. నేను ఎప్పుడు నవ్వాలో తెలియదు. సికింద్రాబాదు రమ్మని నువ్వు ఏటా రాస్తావు. మోకాళ్ళ నొప్పులని రాస్తాను. మోకాళ్ళు గట్టిగానే ఉన్నాయి. అసలు కారణం ఇదీ.

నీ ఉత్తరంలో ఆ ముప్పై మంది నోరు మూసుకుని చెయ్యి చాపి నిలబడిన చోటు నాలుగుసార్లు చదివాను. అంత పెద్ద సంబరం చప్పుడు లేకుండా జరిగింది. ఆ వరుసలో నేనుంటే నాకు ఏమీ తక్కువయ్యేది కాదు. అందరికీ ఎంత తెలిసిందో నాకూ అంతే తెలిసేది.

మీ క్లబ్బు పరుగు మళ్ళీ ఎప్పుడుంది? ఎవరెవరు పరుగెత్తుతారు? నాకు వరుసలో ఒక చోటు ఉంచు. పచ్చ శాటిను కొన్నాను. ఈసారి రంగు ముందే చెబుతున్నాను: పచ్చ, లేత పచ్చ కాదు, మీ జెండా పచ్చ. లేసు అంచు మాత్రం ఉంటుంది. దాని మీద వాదన లేదు.

కాంతమణి


మౌలాలి,
27 జనవరి 2013.

అక్కకు,

జంగయ్య పరీక్షకు వెళ్ళాడు. పాసయ్యాడు. ముందు యార్డులో పెట్టెలు అటూ ఇటూ జరిపే షంటింగు బండ్ల మీద వేస్తారట, ఆరు నెలలు చూసి లైను మీదికి పంపిస్తారట. షంటింగు అంటే నడక వేగం. "పరుగెత్తుడు నేర్సుకున్నంక నడవమంటుండ్రు," అని సుమిత్రతో మొత్తుకున్నాడు. పందెం కాగితం షెడ్డు గోడకు పెట్టాడు. వంకరగా ఉందని మర్నాడు పోయి సరిచేసి వచ్చాడు.

ఫిబ్రవరి పదిహేడు ఆదివారం గుట్ట మెట్ల పరుగు. పొద్దున్నే అయిపోతుంది, ఆరాధన తప్పదు. నీ చోటు సగం మెట్ల దగ్గర, అనసూయమ్మ పక్కన. అక్కడ రాయి ఉంది, కూర్చోవచ్చు. బ్రహ్మచారి పైన నిలబడతాడు, అంత దూరంలో అతను అరిచినా ఎవరికీ ఇబ్బంది లేదు.

చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను. నువ్వు పంపిన ఆవకాయలో ఈసారి ఉప్పు ఎక్కువైంది. పచ్చజెండాకు లేసు ఉండకూడదు, గాలికి ఊగుతుంది, కదలని జెండా కదిలినట్టు కనిపిస్తుంది. ఈ రెండూ రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. అయినా లేసుతోనే తీసుకురా. గట్టిగా పట్టుకుంటాం.

నువ్వు ఎక్కే బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో కనుక్కుంటాను. జంగయ్య కూడా వస్తానన్నాడు. కిటికీ పక్కన కూర్చో. నేను పేరు పెట్టి పిలవను, పిలిచినా నీకు వినపడదు. చెయ్యి చాపి నిలబడతాను. కదిలే బండిలోంచి చెయ్యి బయటపెట్టకూడదని నీకు ముప్పయ్యేళ్ళుగా చెబుతూ ఉన్నాను. బండి ఆగేలోగా పెట్టావనుకో, నేను చూడలేదనే రాసుకుంటాను.

తమ్ముడు,
యెషయా